గంప కింద దీపం

సుగెంగ్‌కి మా వీధిలో మగవాళ్లందరూ బావలే. పాలు పోసే అతను బావ, గ్యాస్ బండ తెచ్చే అతను బావ, మనవలకి పెళ్లిళ్లు చేసిన బంగారయ్య గారు కూడా బావే. అచ్యుతాపురం వైపు ఒక కంపెనీలో కొత్త మిషన్లు బిగించడానికి ఇండోనేషియా నుంచి వచ్చాడతను. అతనికి తెలుగు నేర్పింది అక్కడి ఫిట్టర్లు. వాళ్లు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటే అదే అతని తెలుగు. ఆడవాళ్లని ఏమని పిలవాలో వాళ్లు చెప్పలేదు కాబోలు, నన్ను మాత్రం మొదటిరోజే తనంతట తనే అమ్మా అన్నాడు.

మా ఇల్లు అనకాపల్లి గవరపాలెంలో. వీధిలోకి రెండు గుమ్మాలు. ఒకటి నాది, రెండోది అద్దె వాటాది. మా ఆయన పోయిన దగ్గర్నుంచి ఆ వాటా అద్దెకిస్తున్నాను. సుగెంగ్, అతని భార్య రత్న అందులో దిగి అప్పటికి ఏడాది. రత్న పేరు విని ఎదురింటి బుల్లమ్మ చాలా రోజులు అనుమానపడింది. మన పేరు పెట్టుకుని మన మాట రాకపోవడం ఏమిటని ఆమె బాధ. తరవాత తరవాత ములగాకు ఎలా దూయాలో చూపించడానికి రోజూ వచ్చి కూర్చునేది. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవారు.

రత్నకి నెలలు నిండే సమయానికి జావా నుంచి వాళ్లమ్మ రావాలి. పెట్టె సర్దుకుని కూడా ఉంది. ఇంతలో ఆవిడ నీళ్లగదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇంక వాళ్లకి పెద్దదిక్కు అంటే ఫోనులో కనిపించే ఆవిడ, పక్క గుమ్మంలో ఉన్న నేను. సుగెంగ్ నా దగ్గరికి వచ్చి నిలబడి, "అమ్మా, నువ్వున్నావు కదేటి," అన్నాడు. భయపడుతున్నవాళ్లు అడిగినట్టు కాదు, స్పానరు ఉందా అని అడిగినట్టు అడిగాడు. ఉన్నానన్నాను.

ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్య దగ్గర పడింది. నూకాలమ్మ గుడి దారిలో జాతర కొట్లు కట్టడం మొదలుపెట్టారు. అనుకున్నదానికన్నా ముందే రత్నకి నొప్పులు వచ్చాయి. బుల్లమ్మ మొగుడు ఎర్రిబాబు తన ఆటోలో మమ్మల్ని నర్సింగ్‌హోముకి చేర్చాడు. దారిలో గోతులు వచ్చినప్పుడల్లా సుగెంగ్ భార్య పొట్ట మీద కాదు, ఎర్రిబాబు భుజం మీద చెయ్యి వేసి నొక్కుతున్నాడు. ఎర్రిబాబు తరవాత ఆ భుజం అందరికీ చూపించాడు.

పొద్దెక్కాక మగపిల్లాడు పుట్టాడు. సుప్రియ అనే నర్సు తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి సుగెంగ్ చేతుల్లో పెట్టింది. అంతంత ఇనప మిషన్లు ఎత్తి బిగించే మనిషి, రెండు మోచేతులూ ఒంటికి అదుముకుని, ఊపిరి బిగబట్టి, నిండు కుండ మోస్తున్నట్టు నిలబడ్డాడు. పిల్లాడి కుడిచెవి దగ్గర నోరు పెట్టి వాళ్ల ప్రార్థన మెల్లగా చెప్పాడు. అది అయ్యాక తలెత్తి నర్సుని అడిగాడు.

"సిస్టరమ్మా, ఈడి తమ్ముడు ఏడి?"

ఒక్కడే పుట్టాడని ఆ అమ్మాయి చెప్పింది. కాదు, తమ్ముడు లోపలే ఉన్నాడు, పారెయ్యకండి, నేను పట్టుకెళ్తానని ఇతను. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. స్కానింగ్ కాగితాలు తీశారు, డాక్టరమ్మ బయటికి వచ్చింది, తుడిచే మనిషి చీపురు పట్టుకుని అక్కడే ఆగిపోయి వింటోంది. చివరికి సుగెంగ్ ఫోనులో ఒక బొమ్మ తీసి చూపిస్తే డాక్టరమ్మ నవ్వేసింది. అతను అడుగుతున్నది మాయ. పిల్లాడి వెనకాల పడేది.

వాళ్ల ఊళ్లో దాన్ని పారెయ్యరట. కడుపులో ఉన్నన్నాళ్లూ పిల్లాడికి తోడున్నది, వాడి వెనకే భూమ్మీదకి వచ్చింది, కాబట్టి అది వాడి తమ్ముడు. తండ్రి తన చేతులతో కడిగి, కొత్త కుండలో పెట్టి, ఇంటి గుమ్మం పక్కన భూమిలో దాచాలి. పైన దీపం పెట్టాలి. బొడ్డు ఊడేదాకా ఆ దీపం ఆరకూడదు, ఆ మట్టి ఎవరూ కదపకూడదు. కదిపితే పిల్లాడికి స్థిమితం ఉండదు, రాత్రీ పగలూ ఏడుస్తాడు. ఇది తండ్రి పని. ఇంకెవరు చేసినా చెల్లదు.

అతను చెబుతుంటే నాకు వింత అనిపించలేదు. నా కూతుళ్లిద్దరూ నక్కపల్లి దగ్గర మా పుట్టింట్లోనే పుట్టారు. మంత్రసాని మాయని పాత కుండలో వేసి పెరట్లో పాతి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప వేసింది. కాకపోతే అది ఆడవాళ్ల పని. మగవాళ్ల ఎదట ఆ మాటే ఎత్తరు. మా ఆయనకి ఆ సంగతి బతికున్నన్నాళ్లూ తెలియదు. నేనూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

సుగెంగ్ గుడి దారిలో కొట్లకి వెళ్లి, మూతలున్న కుండలు రెండు తెచ్చాడు. ఒకటి పగిలితే రెండోది ఉంటుందట. పెరట్లో కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, నర్సింగ్‌హోములో ఇచ్చిన మాయని పసివాడికి తల కడిగినట్టు కడిగాడు. కుండలో పెట్టి ఉప్పు, పసుపు, గుప్పెడు బియ్యం, సూదీ దారం వేశాడు. పిల్లాడికి చదువు రావాలని ఒక కాగితమూ పెన్సిలూ కూడా వెయ్యాలట. పెన్సిలు నాది ఇచ్చాను. కాగితం మీద వాళ్ల అక్షరాలేవో రాసి, నా వైపు తోశాడు.

"మీ అచ్చరాలు కూడా రాయమ్మా. ఈడు ఇక్కడ పుట్టేడు కదా."

నా పెద్ద కూతురి పెళ్లయ్యాక నేర్చుకున్న అక్షరాలు నావి. అ ఆ ఇ ఈ ఉ ఊ రాసి, ఋ దగ్గర ఆగాను. అది ఇప్పటికీ నాకు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. అక్కడిదాకా చాలన్నాడు.

మగపిల్లాడైతే గుమ్మానికి కుడివైపు. అక్కడ మందారమొక్క చచ్చిపోయాక మట్టి ఖాళీగానే ఉంది. తవ్వి, కుండ దాచి, మట్టి కప్పి, పైన గాజుబుడ్డి దీపం పెట్టాడు. గాలి తగలకుండా నా కోళ్లగంప బోర్లించాడు. కోళ్లు లేకుండా పోయి ఎన్నో ఏళ్లయినా నేను పారెయ్యని గంప అది. చీకటి పడేసరికి గంప సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా గోడ మీద పడింది. బాగుందే అనుకున్నాను. చూసేవాళ్లకి ఎలా ఉంటుందో నాకు తట్టలేదు.

తల్లీ పిల్లాడూ ఇంటికి వచ్చాక మాకు పని మొదలైంది. పొద్దున్నే జావా నుంచి ఫోను. అత్తగారు మంచం మీంచి అడిగే మొదటి మాట పిల్లాడి గురించి కాదు, దీపం గురించి. సుగెంగ్ ఫోను పట్టుకుని బయటికి పరిగెత్తి, గంప ఎత్తి చూపించి, మళ్లీ లోపలికి పరిగెత్తుకొచ్చి పిల్లాణ్ణి చూపించేవాడు. కంపెనీలో సెలవు పెట్టాడు. నూనె సీసా చంకలో పెట్టుకుని తిరిగేవాడు. పిల్లాడు ఏడిస్తే దీపం చూసి వచ్చేవాడు, దీపం రెపరెపలాడితే పిల్లాణ్ణి చూసి వచ్చేవాడు. పిల్లాడు నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి లేపేసేవాడు. రత్న వాళ్ల భాషలో మెల్లగా ఏదో అనేది. తిట్టని నాకు అర్థమయ్యేది.

రత్నకి నేను కాయం చేసి పెట్టాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, మన బెల్లం. కారానికి కళ్లమ్మట నీళ్లు పెట్టుకుంటుందనుకుంటే ముద్ద చప్పరించి ఇంకోటి అడిగింది. వాళ్ల దేశంలో బాలింతలకి ఇలాంటివే నూరి తాగిస్తారట. సుగెంగ్ కూడా ఒక ముద్ద నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, అచ్చం మా అమ్మ అన్నాడు. మనిషినన్నాడో మందునన్నాడో నేను అడగలేదు.

స్నానం దగ్గర మాత్రం అతనికి ప్రాణం పోయినంత పనయింది. పెరటి వసారాలో పీట వేసుకుని కాళ్లు చాపి, పిల్లాణ్ణి బోర్లా పడుకోబెట్టి నేను చెంబుతో వేణ్ణీళ్లు పోస్తుంటే, పిల్లాడికన్నా తండ్రి గట్టిగా ఏడ్చేలా ఉన్నాడు. సున్నిపిండి రాసి, ముక్కు నొక్కి, కాళ్లూ చేతులూ మడిచి చాచి, సాంబ్రాణి పొగ వేసి ఇచ్చాక, వాడు పాలు తాగి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. పొద్దుగూకేదాకా లేవలేదు. మర్నాడు సుగెంగ్ లుంగీ మోకాళ్ల పైకి మడిచి పీట మీద తనే కూర్చున్నాడు. కాళ్లు పొడుగు కావడంతో పాదాలు గోడకి తగిలాయి. పీట వెనక్కి జరిపించాను. మగాడు పిల్లాడికి నీళ్లు పోస్తున్నాడని బుల్లమ్మ వీధిలో ఆడవాళ్లని నలుగుర్ని వెంటబెట్టుకొచ్చి చూపించింది. ఎర్రిబాబుని కూడా రమ్మని కేకేసింది. ఆటోకి గిరాకీ ఉందని చెప్పి అతను తప్పించుకున్నాడు.

అంత సరదాగా వచ్చే బుల్లమ్మ, ఆ మర్నాటి నుంచి రావడం మానేసింది. ములగాకూ రాలేదు. మా గుమ్మం తెరుచుకుంటే వాళ్ల గుమ్మం మూసుకునేది. మంచినీళ్ల కుళాయి దగ్గర నన్ను చూసి ఇద్దరు మాట ఆపేశారు. మూడో ఆవిడకి మాట దాచడం చేతకాదు, ఆవిడ చెప్పింది. నర్సింగ్‌హోములో తుడిచే మనిషి బుల్లమ్మకి ఆడపడుచు వరస. పుట్టింది కవలలనీ, ఒకడిది కథ ముగిసిందనీ, రెండోవాడు ఏడని తండ్రి అడిగి మరీ పట్టుకెళ్లాడనీ ఆమె చెప్పిందట. ఇంటికొచ్చింది ఒక్కడు. గుమ్మం పక్కన కొత్తగా తవ్విన మట్టి, పైన గంప, గంప కింద దీపం. కొత్తమావాస్య ముందు. చేతబడే అనుకోవడానికి వీధికి ఇంకేం కావాలి.

నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. ఒక్క మాటతో తేలిపోయేదే. కానీ ఆ ఒక్క మాట కుళాయి దగ్గర నలుగురు మగవాళ్లు వింటుండగా అనలేకపోయాను. సాయంత్రం బుల్లమ్మని ఒంటరిగా పిలిచి చెబుదాంలే అనుకున్నాను.

సాయంత్రం వాళ్లే వచ్చారు. సుగెంగ్ అప్పుడే దీపంలో నూనె పోసి లోపలికి వెళ్లాడు. ముందు బంగారయ్య గారు, బెల్లం మార్కెట్లో ఎందరి తగువులో తీర్చిన మనిషి. వెనక ఎర్రిబాబు, చేతిలో గునపం. వాళ్ల వెనక బుల్లమ్మ, ఆ వెనక సగం వీధి. ఎదురింటి అరుగు మీద బుల్లమ్మ అత్త మరిడమ్మ మాత్రం ఎప్పటిలా కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆవిడకి చెవులు బాగానే వినిపిస్తాయి గానీ, తనకి పనికొచ్చే మాటే వింటుంది.

"దుర్గాలక్ష్మీ, మాకు ఎవలి మీదా పగ లేదు," అన్నారు బంగారయ్య గారు. "ఆ గంప తీయించు. కిందన ఏటుందో సూసేసి ఎల్లిపోతాం. ఏటీ లేదంటే మంచిదే. ఉందంటే మాత్రం శారదా నదిలో కలిపేయాల. వీధన్నాక పిల్లలుంటారు."

ఆ మాటలకి సుగెంగ్ బయటికి వచ్చాడు. భుజం మీద పిల్లాడు. గునపం చూశాడు, గంప చూశాడు. సంగతి అర్థమయింది.

"తవ్వొద్దు బావా," అన్నాడు.

"ఏటుంది కిందన?" అన్నాడు ఎర్రిబాబు.

"తమ్ముడు."

బుల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "సూసేరా, ఆడి నోటితోనే సెప్పేడు," అంది.

లోపల రత్న మంచం మీంచి లేస్తున్న చప్పుడయింది. సుగెంగ్ వచ్చి గంప పక్కన మట్టిలో బాసీపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకున్నాడు. గునపం దించాలంటే అతన్ని దాటుకునే దించాలి. ఎర్రిబాబు గునపాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మా నాన్న నాది మా ఇంటి ముందర పెట్టేడు," అన్నాడు సుగెంగ్. తెలుగు మాటలు వెతుక్కుంటున్నాడు. "నేను మలేషియా ఎల్లేను, ఇక్కడికొచ్చేను. అది అక్కడే ఉంది. అందుకే నాది ఆ ఊరు. ఈడిది ఇక్కడ పెట్టేను. వచ్చే ఏడు మేం ఎల్లిపోతాం. ఇది ఇక్కడే ఉంటది. ఈడు పెద్దోడైతే, నీది ఏ ఊరని ఎవలైనా అడిగితే, అనకాపల్లి అంటాడు. మీరు తీసేత్తే ఈడికి ఊరు లేదు బావా."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఎవరూ కదల్లేదు. నేను బంగారయ్య గారి మొహం వైపు చూడకుండా, నేల వైపు చూసి, ఆ మాట అనేశాను.

"బుల్లమ్మా, అది మాయే. పిల్లోడి మాయ. నీ కొడుకు లోహిత్‌ది ఏటి సేసేరు?"

మగవాళ్లు ఒక్కసారి తలలు పక్కకి తిప్పుకున్నారు. బుల్లమ్మ కొంగు నోటి దగ్గర్నుంచి జారింది. "ఆసుపత్రోలు పారేసుంటారు. నాకేటి తెల్సు," అంది, సగం గొంతుతో.

అప్పుడు ఎదురింటి అరుగు మీంచి మరిడమ్మ గొంతు వినపడింది. ఆవిడకి పనికొచ్చే మాట ఇన్నాళ్లకి దొరికింది.

"ఏటీ, ఆ గుంటడు పెట్టింది మాయా? మరైతే ముళ్లకంప ఎయ్యనేదేటి? దీపమెట్టేడంట దీపం. దీపానికి కుక్కలాగుతాయా? ఎవలూ సెప్పనేదేటర్రా ఆడికి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్రిబాబు గునపం గోడకి చేర్చి, వాళ్లమ్మ వైపు తిరిగాడు. యాభై దగ్గర పడుతున్న మనిషి మొహంలో చిన్నపిల్లాడి అనుమానం కనపడింది.

"అమ్మా. మరి నాది?"

"నీదేటి?"

"అదే. నాది ఎక్కడెట్టేవు?"

"నూతి గట్టు పక్కన. రోజూ నువ్వు ఆటో ఎట్టీ కాడ," అంది మరిడమ్మ, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు.

ఎర్రిబాబు ఆటో వైపు చూశాడు. ముందు చక్రం సరిగ్గా అక్కడే ఉంది. వెళ్లి, ఆటో స్టార్టు కూడా చెయ్యకుండా రెండు చేతులతో వెనక్కి నెట్టాడు. ఇద్దరు ముగ్గురు సాయం పట్టారు. ఎందుకు నెడుతున్నారని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆ సందడిలో బంగారయ్య గారు అరుగు దగ్గరికి వెళ్లి, మెల్లగా, ఇంకెవరికీ వినపడదన్న నమ్మకంతో అడిగారు. "వొదినా, నాది నీకేటైనా తెల్సా?"

"తెలకేటి. నాను కాపరానికొచ్చిన ఏడే కదా నువ్వు పుట్టేవు. మీ యమ్మ గోడ తట్టి పిలిత్తే నానే గొయ్యి తీసేను. మీ పాతింటి వంటింటి మూల. ఇప్పుడక్కడ సెల్లు కొట్టు కట్టేరు."

బంగారయ్య గారు కండువా తీసి మళ్లీ వేసుకున్నారు. "నాను రోజూ ఎల్లి కూకుంటాను కదా అక్కడ," అన్నారు. "పనేటీ లేపోయినా ఎల్తాను. ఎందుకెల్తన్నానా అనుకునేవోణ్ణి."

ఆ సాయంత్రం మా వీధిలో ఎవరి వంటా తొందరగా కాలేదు. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని ఫోన్లు చేశారు. చీడికాడలో ఉన్న అమ్మకి ఒకరు, రాజయ్యపేటలో ఉన్న అమ్మమ్మకి ఒకరు. అవతలి వాళ్లు ముందు తిట్టడం, తరవాత నవ్వడం, ఆ తరవాత చెప్పడం. అమ్మలు లేనివాళ్లు మరిడమ్మ దగ్గరికి వచ్చారు. ఆవిడకి అంతమంది ఒక్కసారి పనికొచ్చే మాటలు అడగడం అదే మొదలు. సుగెంగ్ మాత్రం గంప పక్కనుంచి చాలాసేపు లేవలేదు. పిల్లాడు ఒళ్లో నిద్రపోయాడు, అతని కాళ్లు తిమ్మిరెక్కాయి. ఎర్రిబాబే చెయ్యి ఇచ్చి లేపాడు.

మర్నాడు పొద్దున్న గుమ్మం తెరిచేసరికి గంప చుట్టూ తుమ్మకంప వేసి ఉంది. బుల్లమ్మ చేతులు గీరుకుపోయి ఉన్నాయి. తప్పయిందని ఆవిడ అనలేదు, నేను అనిపించుకోలేదు. "కుక్కలొదినా," అంది అంతే. ములగాకు కట్ట గుమ్మంలో పెట్టింది. అప్పటి నుంచి దీపంలో నూనె తగ్గిందో లేదో చూడ్డం వీధి పని అయిపోయింది. సుగెంగ్ నూనె పోసి లోపలికి వెళ్తే, బుల్లమ్మ వచ్చి వత్తి ఎగదోసేది, ఆవిడ వెళ్లాక బంగారయ్య గారు వంగి చూసి తలాడించి వెళ్లేవారు. జావాలో అత్తగారికి ఫోనులో ఇప్పుడు దీపంతో పాటు ఎవరో ఒకరి మొహం కనపడేది. కంప ఎందుకని ఆవిడ అడిగిందట. మీకు కుక్కలు లేవా అని మరిడమ్మ ఫోనులోకి అరిచింది.

కొత్తమావాస్య నాడు మధ్యాహ్నం ఎండ మండిపోయి, ఉన్నట్టుండి తూర్పున నల్లగా కమ్మింది. గుడి వైపు డప్పులు మోగుతున్నాయి. పెరటి వసారాలో సుగెంగ్ పీట మీద కాళ్లు చాపి పిల్లాడికి నీళ్లు పోస్తున్నాడు. ఈపాటికి చెయ్యి బాగా తిరిగింది, నేను తువ్వాలు పట్టుకుని పక్కన కూర్చున్నానంతే. ఈదురుగాలి ఒక్కసారి విసిరి కొట్టింది. వీధి గుమ్మం తలుపు దడాలున కొట్టుకుంది. దాని వెనకే వాన.

సుగెంగ్ ఉలిక్కిపడ్డాడు. చేతుల నిండా సున్నిపిండి, కాళ్ల మీద తడి పిల్లాడు. లేవలేడు. "అమ్మా, దీపం," అన్నాడు. ఆ గొంతు వినగానే నేను లేచాను. వీధి గుమ్మంలోకి వెళ్లి చూస్తే గంప ఎగిరి దొర్లిపోతోంది, ఎర్రిబాబు దాని వెంట పరిగెడుతున్నాడు. దీపం దగ్గర బుల్లమ్మ ముళ్లకంప మీదే చతికిలబడి, చీరకొంగు రెండు చేతులతో పట్టి గాలికి అడ్డం పెట్టింది. వత్తి అటూ ఇటూ వంగుతోంది గానీ ఆరలేదు. ఎర్రిబాబు గంప ఒదిలేసి, ఆటో వెనక కట్టే టార్పాలిన్ లాక్కొచ్చాడు. ఇద్దరూ చెరో వైపు పట్టి నిలబడ్డారు. బంగారయ్య గారు గొడుగు తెచ్చారు, అది తిరగబడింది, అయినా పట్టుకునే నిలబడ్డారు.

లోపల్నుంచి సుగెంగ్ కేక వేశాడు. పరిగెత్తాను. పిల్లాడికేమీ కాలేదు. వాడు కాళ్లు తన్నుకుంటున్నాడు. తండ్రి మాత్రం వాడి పొట్ట వైపు, తన లుంగీ వైపు, నీళ్ల వైపు చూస్తూ వెతుకుతున్నాడు. బొడ్డు దగ్గర శుభ్రంగా ఉంది, చిన్న ఎర్రటి గుంట. ఎండిన ముక్క లుంగీ మడతలో అంటుకుని దొరికింది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని సుగెంగ్ నవ్వాడు. ఏడ్చాడు కూడా, మొహం మీద ఉన్నవి వాన నీళ్లు మాత్రం కావు. వసారాలోకి వాన పడదు.

నేను మళ్లీ వీధి గుమ్మంలోకి వచ్చాను. "బుల్లమ్మా, ఊడిపోయింది. ఇంక దీపం ఆరినా పరవాలేదు, లోపలికి రండి," అని అరిచాను.

ముగ్గురూ నన్ను చూశారు. తల నుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయి ఉన్నారు. బుల్లమ్మ చీరకి కంప పట్టుకుని ఉంది. వాళ్ల మధ్య గాజుబుడ్డిలో వత్తి, నిమ్మళంగా, ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది.

"నీకేటి ఒదినా, ఎన్నయినా సెప్తావు," అంది బుల్లమ్మ. "ఇంతసేపు పట్టుకుని ఇప్పుడు ఆరనిత్తామేటి. నువ్వు లోపలికెల్లి టీ పెట్టు."

టీ పెట్టడానికి వెళ్లాను. పాలు పొంగేదాకా వాన ఆగలేదు, వాళ్లూ కదల్లేదు.